ఇంకా ఒక్కరే బాకీ

మొన్న శుక్రవారం రాత్రి, వారమంతా క్లయింటు దగ్గర ఊడిగం చేసి నెవార్క్ ఎయిర్‌పోర్టులో దిగి, పెట్టె కోసం ఎదురుచూస్తూ నిలబడితే ఫోను టింగుమంది. చూస్తే నన్నెవరో కొత్త వాట్సాప్ గ్రూపులో చేర్చారు. పేరు "కర్నూలు కల్యాణం". పదకొండుమంది ఆడవాళ్ళం. మొదటి మెసేజీలో నాలుగు ఎర్ర గుండెకాయలు, రెండో దాంట్లో ఒక షీటు లింకు. తెరిచి చూద్దును కదా, మయామీలో మూడు రోజులు! విమానం, సముద్రం ఒడ్డున అద్దె ఇల్లు, రోజుకో రంగు చొప్పున మూడు జతల మ్యాచింగ్ బట్టలు, పడవ, బ్రంచి, ఫొటోగ్రాఫరు, "పెళ్ళికూతురి వాటా".. అన్నిటికీ గళ్ళు గీసి, అడుగున మనిషికి 1,650 డాలర్లు అని లావుపాటి అక్షరాల్లో తేల్చారు. నా పేరు పక్కన "ట్రెజరర్" అని ఉంది. "2023లో నువ్వెంత బాగా చేశావో! ఇదీ నువ్వే చెయ్యాలి" అని కింద మెచ్చుకోలు కూడా.

ఆ షీటు చదువుతూ ఉంటే నా పెట్టె బెల్టు మీద రెండుసార్లు నా ముందునుంచే తిరిగి వెళ్ళిపోయింది.

నిజమే, 2023లో నేను చాలా బాగా చేశాను. ఎంత బాగా చేశానో చెబుదామనే ఇది రాస్తున్నాను. చదివాక నన్ను నాలుగు తిట్టినా ఫరవాలేదు. మీ ఇంట్లో పెళ్ళి కుదిరిన పిల్ల ఉంటే మాత్రం దానికోసారి చదివి వినిపించండి.

ముందు పాత్రల పరిచయం. 2013లో ఎమ్మెస్ కోసం టెక్సాస్‌లో దిగినప్పుడు రెండు బెడ్రూముల అపార్టుమెంటులో నలుగురం ఉండేవాళ్ళం. పేర్లతో పిలుచుకున్న గుర్తు లేదు. నేను తెనాలి. మిగతా ముగ్గురూ కాకినాడ, కర్నూలు, వరంగల్. (వరంగల్‌ది నిజానికి హనుమకొండ. ఆ తేడా చెప్పీ చెప్పీ అదే విసిగి ఊరుకుంది.) నలుగురికీ కలిపి ఒక డొక్కు కారు, ఒక రైస్ కుక్కరు. నెలాఖరుకి ఎవరి ఖాతాలో ఎంత మిగిలిందో అందరికీ తెలుసు. ఎవరి నాన్న ఎంత ఎడ్యుకేషన్ లోను తీశాడో, ఎవరి పొలం కాగితాలు ఏ బ్యాంకులో ఉన్నాయో కూడా తెలుసు. సిగ్గుపడ్డానికి అసలు చోటేదీ, రెండు బెడ్రూముల్లో?

2015 డిసెంబరులో తెనాలిలో నా పెళ్ళి. ముగ్గురిలో ఒక్కరూ రాలేని పరిస్థితి. కాకినాడకి ఓపీటీ కాగితాల తిప్పలు, వరంగల్‌కి వీసా స్టాంపింగు భయం. కర్నూలైతే "టిక్కెట్టుకి డబ్బుల్లేవు మే" అని పప్పులో పోపు వేస్తూ చెప్పేసింది. సరే అని, నేను విమానం ఎక్కే ముందు శనివారం వాళ్ళే నన్ను పెళ్ళికూతుర్ని చేశారు. ఇండియన్ స్టోరులో గోరింటాకు పొడి, పసుపు, రెండు డజన్ల గాజులు కొనుక్కొచ్చారు. కాకినాడ మిక్సీలో పెసలు తిప్పి సున్నిపిండి చేసింది. కర్నూలు పాటలు పాడింది (పాడింది అనే అనుకుందాం). వరంగల్ వాళ్ళమ్మ పంపిన సకినాల డబ్బా మూడు నెలలుగా ఎవరికీ దొరక్కుండా దాచి, ఆ రోజు మూత తీసింది. "మా దిక్కు పెండ్లికి ఐరేని కుండలు తెస్తరు" అని, కుండలు ఎక్కడా దొరక్క రెండు కాఫీ మగ్గులకి పసుపూ కుంకుమా పూసి నా ముందు పెట్టింది. నాకు నలుగు పెట్టిందీ అదే. ఆ పిండికి బాత్‌టబ్బు మూసుకుపోయి, సోమవారం మెయింటెనెన్సు వాడొచ్చి ఆ పసుపు ముద్ద ఏమిటో అర్థంకాక అరగంట తల గోక్కున్నాడు. మొత్తం ఖర్చు 31 డాలర్లు. లెక్క ఫ్రిజ్ మీద రాసుకునేవాళ్ళం కాబట్టి గుర్తుంది.

ఇహ 2023. కాకినాడకి పెళ్ళి కుదిరింది. జూన్ మొదటి వారంలో వాళ్ళ ఊళ్ళో పెళ్ళి. అంతకుముందు ఏప్రిల్లో ఇక్కడ బ్యాచిలరెట్ పార్టీ, నాష్‌విల్‌లో. నాష్‌విల్‌కి పూర్వం కంట్రీ సంగీతంతో పేరు. ఇప్పుడు పెళ్ళికూతుళ్ళతో కూడా. శనివారం పూట బ్రాడ్వే వీధిలో నిలబడండి, గులాబీరంగు కౌబాయ్ టోపీల గుంపులు పెడళ్ళు తొక్కుకుంటూ పోయే బార్ల మీదనుంచి కేకలు పెడుతూ వరసగా వెళ్తుంటాయి. కాకినాడ ఆఫీసు స్నేహితురాళ్ళూ, కజిన్లూ, మేమూ కలిపి తొమ్మిదిమంది. పెళ్ళికూతురు పోను డబ్బు కట్టేవాళ్ళు ఎనిమిది. ప్రాజెక్టు ప్లాన్లు గీసి బతికేదాన్ని కదా అని ట్రెజరర్ పదవి నా నెత్తిన పెట్టారు. నేనూ సంబరంగా ఒప్పుకున్నాను.

నా షీటు ఇప్పటికీ ఉంది, అందులోంచే దించుతున్నాను. విమానం టిక్కెట్టు 318. ఇల్లు మనిషికి 365. పడవ 95. రెండు డిన్నర్లు 160. రెండు జతల మ్యాచింగ్ బట్టలు 90. అలంకరణ, గిఫ్టు సంచులు 70. పెళ్ళికూతురి టిక్కెట్టూ తిండీ స్పా అందరం పంచుకున్న వాటా 140. టాక్సీలు 60. వెరసి 1,298 డాలర్లు. అప్పటి లెక్కలో లక్ష రూపాయల పైమాట, మూడు రాత్రులకి. బ్రైడల్ షవరుకి వేరే బట్ట, వేరే గిఫ్టు, 180. ఇండియా టిక్కెట్టు జూన్ సీజను కాబట్టి 1,650. హల్దీకి పసుపు డ్రెస్సు, సంగీత్‌కి లెహంగా, పెళ్ళికి పట్టుచీర, మూడూ కలిపి 520. సంగీత్ డాన్సు నేర్పినాయనకి నా వాటా 60. పెళ్ళి కానుక 300. కూడితే 4,008. గంటల లెక్కన జీతం వచ్చే కన్సల్టెంటుని కాబట్టి ఆ రెండు వారాలూ పని లేదు, జీతమూ లేదు. అది లెక్కలో వెయ్యలేదు. ఇదంతా పెళ్ళికూతురికి కాదు, పెళ్ళికూతురి స్నేహితురాలికి అయిన ఖర్చని మనవి.

అసలు కథ ఇప్పుడు.

జనవరి ఆఖర్లో ఇంటికి డబ్బు కట్టమన్నాను. ఎనిమిదిమందీ కట్టారు. వరంగల్ కూడా, 365. మార్చి మొదట్లో అది గ్రూపులో రెండు ముక్కలు రాసింది. "రిలీజ్ ఉన్నదే, వచ్చుడు కష్టం. మీరు మస్తు ఎంజాయ్ చెయ్యండి." అంతే. ఫోను చేసి ఏమైందే అని అడిగానా? లేదు. కాకినాడ కోసం నాకు కోపం వచ్చింది. ఒక్క శుక్రవారం సెలవు పెట్టలేదా అనుకున్నాను. పైగా ట్రెజరర్‌ని కదా! "ఇల్లు బుక్ అయిపోయింది, నీ 365 వెనక్కి రాదు. పెళ్ళికూతురి వాటా, గిఫ్టు సంచులు కూడా ఎనిమిదిమందికి లెక్క వేసేశాం, ఆ 210 కూడా నువ్వు పంపితేనే మిగతావాళ్ళకి భారం పడదు" అని గ్రూపులోనే, అందరి ముందూ రాశాను. వారం ఆగి ఇంకో మెసేజీ పెట్టాను. "ఏడుగురు పంపేశారు. ఇంకా ఒక్కరే బాకీ!" చివర ఒక నవ్వు మొహం బొమ్మ. ఆ ఒక్కరూ ఎవరో చెప్పక్కర్లేదు కదా. ఆ రాత్రే 210 వచ్చింది. నేను ఒక గుండెకాయ బొమ్మ కొట్టాను.

నాష్‌విల్‌లో రెండో రాత్రి వరండాలో కూచుని దాని గురించే మాట్లాడుకున్నాం. మారిపోయిందనీ, ఉద్యోగం ఉద్యోగం అంటూ మనుషుల్ని వదిలేసిందనీ. ఆ మాటల్లో నా గొంతే పెద్దది.

జూన్‌లో పెళ్ళికి కూడా రాలేదు. తిరిగొచ్చాక కాకినాడ ఇచ్చిన రిటర్న్ గిఫ్టు, ఇత్తడి దీపం, దాని అడ్రసుకి పోస్టు చేశాను. మూడు వారాలకి అది నా గుమ్మంలోకే తిరిగొచ్చింది, ఆ మనిషి అక్కడ ఉండటం లేదని. అప్పుడు చేశానండీ ఫోను. పాత నంబరు పలకలేదు. వాళ్ళమ్మ నంబరు వెతికి చేస్తే అదే ఎత్తింది, హనుమకొండలో.

2023 జనవరి రెండో వారంలో దాని ఉద్యోగం పోయింది. ఆ రోజులు మీకు గుర్తుండే ఉంటాయి. 2022 ఆఖరు నుంచి పెద్ద పెద్ద కంపెనీలే వేలకి వేలమందిని ఒక్క ఈమెయిలుతో ఇంటికి పంపాయి. హెచ్-1బీ మీద ఉన్నవాళ్ళకి ఉద్యోగం పోయిన రోజునుంచి గడువు ఎక్కువలో ఎక్కువ 60 రోజులు. ఈలోగా ఇంకో కంపెనీ పిటిషను వెయ్యాలి, లేదా వీసా మార్చుకోవాలి, లేదా దేశం వదలాలి. నాకు ఇంటి డబ్బు పంపినప్పటికి అది ఆ లెక్కలో రెండో వారంలో ఉంది. నేను నవ్వు మొహం పెట్టి బాకీ అడిగినప్పటికి కారు అమ్మేసి, మంచం ఎవరికో ఊరికే ఇచ్చేసి, నేలమీద పడుకుంటోంది. ఇంకో వారంలో విమానం.

"నాకెందుకు చెప్పలేదే?" అన్నాను. అంతకన్నా తెలివైన ప్రశ్న దొరకలేదు.

"నౌకరీ పోయిందని చెప్పుడు కష్టం కాదే. పైసల్లేవని చెప్పుడు కూడా కష్టం కాదు. చెప్తే మీరందరు కలిసి నా వాటా కడ్తరు. నాకు తెల్సు, మీరు మంచోళ్ళే. అప్పుడా మూడు దినాలు నేను మీ దోస్తును కాదు, మీ ఖర్చును. ఫొటోల నవ్వాలె గదా, నాతోని కాలె."

డబ్బు వెనక్కి పంపుతానన్నాను. "పెండ్లిపిల్లకు పెట్టింది వాపస్ తీసుకుంటరా ఎవరన్న?" అంది. ఇప్పటికీ తీసుకోలేదు. మాట్లాడుకుంటాం, పండగలకి, పుట్టినరోజులకి. 2015లో ఫ్రిజ్ మీద లెక్క రాసుకున్న మనుషులం మాత్రం మళ్ళీ కాలేదు.

మీరనవచ్చు, ఇది నీ తప్పు, పార్టీది కాదు అని. నా తప్పు నాదే, ఎవరికీ పంచను. ఐతే ఒక్కటి ఆలోచించండి. మూర్ఖురాలిని కాని మనిషి చేత, పదేళ్ళ స్నేహితురాలి చేత ఆ మెసేజీ రాయించింది ఏమిటి? ఆ షీటే. గడిలో ఒక అంకె పడ్డాక, ఆ అంకె ఇవ్వనిది స్నేహితురాలు కాదు, బాకీదారు. ఈ కొత్త వేడుకల మీద నా పేచీ అక్కడ మొదలవుతుంది.

మన పెళ్ళిళ్ళకి ఒక మోటు సూత్రం ఉండేది. పిలిచినవాళ్ళు పెట్టాలి. పెళ్ళికూతుర్ని చేస్తే, నలుగుకి సున్నిపిండి ఆ ఇంటిదే, రోట్లో దంచే పసుపు ఆ ఇంటిదే, మలారం మోసుకొచ్చిన గాజులవాడి దగ్గర వచ్చినవాళ్ళందరి చేతులకీ గాజులు తొడిగించేదీ ఆ ఇంటివాళ్ళే. గోరింటాకు పెరట్లో చెట్టుది, రుబ్బుకోవడానికి కాస్త ఓపిక చాలు. స్నేహితురాళ్ళు చెయ్యాల్సిందల్లా వచ్చి కూచోవడం, ఆ పిల్లని ఏడిపించడం, అవసరమైతే దాంతో కలిసి ఏడవడం. మా అమ్మ తరం స్నేహితురాళ్ళు తలా ఇంత వేసుకుని ఒక గోడ గడియారమో స్టీలు బిందో ఇచ్చేవాళ్ళు. ఇక చదివింపులు. 116 చదివించావా, 1,116 చదివించావా అన్నది ఇచ్చేవాడి ఇష్టం. మైకులో చదివి పరువు తీసేవాళ్ళు, నిజమే. ఆ పుస్తకం దాచుకుని "వాళ్ళు మనకెంత పెట్టారు" అని తిరగేసేవాళ్ళు, అదీ నిజమే. కానీ మనిషికింత అని ముందే రేటు కట్టి, వాయిదా తేదీ పెట్టి, రానివాళ్ళ దగ్గర కూడా వసూలు చేసిన పెళ్ళి మా తెనాలిలో నేను చూడలేదు. అది చెయ్యడానికి నేను న్యూజెర్సీ రావాల్సి వచ్చింది.

ఇదంతా చదివి "అవునమ్మా, మన పాత పద్ధతులే బంగారం" అనకండి బాబూ. నేనామాట అనడం లేదు. ఆ పాత పద్ధతిలోనే నలుగు పెట్టడానికి ముత్తైదువలు మాత్రమే రావాలి. భర్త పోయిన మేనత్త తన చేతుల్తో పెంచిన పిల్ల పెళ్ళిలో వంటింటి గుమ్మం దగ్గర నిలబడి చూడాలి. 1892లో గురజాడ కన్యాశుల్కం నాటకమాడించి ఒక దుకాణాన్ని ఎండగడితే, మనవాళ్ళు కన్యాశుల్కం మానేసి వరకట్నం పట్టుకున్నారు. 1961లో దానిమీద చట్టం వచ్చింది. చట్టం చట్టమే, కట్నం కట్నమే. పెళ్ళి పేరుతో ఇళ్ళు గుల్లచేసుకోవడం మనకి అమెరికా నేర్పిన విద్యేమీ కాదు.

ఇంకో సంగతి కూడా ఒప్పుకోవాలి. మన పెళ్ళిలో మేనమామకి పని ఉంది, ఆడపడుచుకి పని ఉంది, తోడి పెళ్ళికూతురని కూచోబెట్టే చిన్నపిల్లకి పని ఉంది. స్నేహితురాలికి? ఏమీ లేదు. నాలుగేళ్ళు ఒకే గదిలో బతికి, పరీక్షలప్పుడు టీ కాచిచ్చి, జ్వరం వస్తే రాత్రంతా తడిగుడ్డ వేసిన మనిషి, పెళ్ళిలో మూడో వరస కుర్చీలో కూచుని భోంచేసి వెళ్ళిపోవాలి. బ్యాచిలరెట్ పార్టీ, సంగీత్ లాంటివి మనవాళ్ళకి నచ్చడానికి కారణం ఫ్యాషనొక్కటే కాదని నా నమ్మకం. వాటిలో స్నేహితురాలికి ఒక పీట దొరికింది. పెళ్ళి కానిదైనా, విడాకులైనదైనా, ఏ కులందైనా, ఏ మతందైనా పీట ఒకటే. ఇది మంచి మార్పు. సంగీత్ పంజాబు నుంచి వచ్చిందనీ, హిందీ సినిమాలు మోసుకొచ్చాయనీ గోల చేసేవాళ్ళ జట్టులో నేను లేను. వస్తే రానివ్వండి. సాంబారు మనదేనా ఏమిటి?

నా గొడవల్లా ఆ పీటకి రేటు పెట్టడం గురించే. వేల డాలర్లు కడితే దొరికే పీట, కట్టలేని స్నేహితురాలిని మూడో వరస కుర్చీలోంచి కూడా లేపేసింది. పాత పెళ్ళిలో వరంగల్ భోంచేసైనా వెళ్ళేది!

ఈ మాట ఎక్కడన్నా మూడు జవాబులు తయారుగా ఉంటాయి. నేనే ఒకప్పుడు ఇచ్చిన జవాబులు కాబట్టి నాకు కంఠతా వచ్చు.

మొదటిది, "పెళ్ళి ఒక్కసారే కదా". పెళ్ళికూతురికి ఒక్కసారే. ఇరవయ్యారు నుంచి ముప్ఫై మూడేళ్ళ మధ్య ఒక ఆడపిల్లకి పది పెళ్ళిళ్ళు తగులుతాయి, ఆ పదిమందికీ ఒక్కసారే. మా పిన్ని కూతురు హైదరాబాదులో చిన్న కంపెనీలో చేస్తుంది. నెలకి 27 వేలు చేతికొస్తే హాస్టలుకి 8 వేలు పోతుంది. కాలేజీ స్నేహితురాలి పెళ్ళికి ముందు గోవా ట్రిప్పు, తలకి 18 వేలు. క్రెడిట్ కార్డు మీద ఆరు నెలల వాయిదాలు పెట్టుకుంది. మూడో వాయిదా కట్టేలోపు ఇంకో పిల్లకి పెళ్ళి కుదిరింది. "కంగ్రాట్స్ అని రాసి, వెంటనే బ్యాంకు యాప్ తెరిచి చూశానక్కా. సంతోషం అసలు రాలేదు" అని చెప్పింది. స్నేహితురాలికి పెళ్ళి కుదిరిందంటే గుండె గుభేలుమనే రోజులు తెచ్చుకున్నాం. దీనికి వేడుకని పేరా?

రెండోది, "అందరూ సంపాదిస్తున్నారు కదా, సాఫ్ట్‌వేరే కదా". జీతం అందరికీ కనిపిస్తుంది, అప్పులు కనిపించవు. ఒకే జీతం వచ్చే ఇద్దరిలో ఒకామెకి కాలేజీ లోను తీరిపోయి ఉంటుంది, ఇంకొకామె నాన్న డయాలసిస్‌కి నెలనెలా పంపుతూ ఉంటుంది. ఇంకొకామె తమ్ముడి చదువు, ఊళ్ళో కడుతున్న ఇల్లు. వీటిలో ఏదీ షీటులో గడి కాదు. రెండు బెడ్రూముల్లో ఉన్నప్పుడు మాకివి తెలిసేవి. తలో నాలుగు బెడ్రూముల ఇళ్ళల్లోకి వెళ్ళాక తెలియడం మానేశాయి.

మూడోది, "మా డబ్బు, మా ఇష్టం". నూటికి నూరుపాళ్ళు నిజం. మీ డబ్బుతో ఏనుగుని అద్దెకి తెచ్చుకుని ఊరేగండి, చూడ్డానికి నేనూ వస్తాను. కానీ ఈ షీటులో ఖర్చయ్యేది మీ డబ్బు కాదు, మీ స్నేహితురాలి డబ్బు. దాన్ని అడిగారా? "అందరికీ ఓకేనా?" అని పదకొండుమంది గ్రూపులో రాయడం అడగడం కాదు. అక్కడ పదిమంది బొటనవేలు ఎత్తాక పదకొండో మనిషి ఏం చేస్తుంది? తనూ ఎత్తుతుంది.

అమెరికాలో ఉంటే అమెరికావాళ్ళలా ఉండాలి కదా అంటారేమో. అమెరికావాళ్ళే దీంతో విసిగి 2011లో బ్రైడ్స్‌మెయిడ్స్ అని సినిమా తీసుకున్నారు. చూడకపోతే చూడండి. బేకరీ మూతబడి చేతిలో చిల్లిగవ్వ లేని పిల్ల, చిన్ననాటి స్నేహితురాలి పెళ్ళికి తోడుగా నిలబడాలి. బాగా డబ్బున్న కొత్త స్నేహితురాలితో పోటీ. లాస్ వేగస్ వెళ్ళే విమానంలో మిగతావాళ్ళంతా ఫస్టు క్లాసులో, ఇది వెనక చవక సీట్లో. థియేటర్లంతా నవ్వారు. నేనూ నవ్వాను. పన్నెండేళ్ళ తరవాత వెనక సీట్లో ఎవరున్నారో తిరిగి చూడలేదు.

అన్నిటికన్నా వింతేమిటో చెప్పనా? కాకినాడలో పెళ్ళి ముందు రాత్రి, హల్దీ అయిపోయి, అద్దెకి తెచ్చిన బంతిపూల పందిరి విప్పేస్తుంటే పెళ్ళికూతురు నా పక్కన కూచుని, "ఇవన్నీ ఎవరికోసమే తెనాలీ? మా నాన్న వారం నుంచి నిద్రపోవట్లేదు" అంది. "మరి నాష్‌విల్ కూడా వద్దనాల్సింది" అన్నాను. "నువ్వంత కష్టపడి ప్లాను చేశావు, వద్దంటే బాధపడతావేమోనని" అంది. నేను చేసిందేమో, చెయ్యకపోతే అది బాధపడుతుందని! అది నాకోసం, నేను దానికోసం, మిగతావాళ్ళు మా ఇద్దరి కోసం. తొమ్మిదిమందిలో కావాలనుకున్నవాళ్ళు ఎవరో ఇప్పటికీ తేల్చలేకపోయాను.

తిట్టడం ఐపోయింది కాబట్టి ఏం చెయ్యమంటావో అది కూడా చెప్పు అంటారు. నాకు తోచినవి ఇవి.

ఒకటి, పిలిచినవాళ్ళు పెట్టండి. పెట్టగలిగినంతలోనే పిలవండి. ఇంట్లో పులిహోర చేసి పెట్టగలిగితే పులిహోరకే పిలవండి.

రెండు, తప్పనిసరిగా పంచుకోవాల్సి వస్తే, ఊరూ హోటలూ వెతక్కముందే ప్రతి ఒక్కరికీ విడిగా ఫోను చేసి, "నీకు ఎంతవరకు ఇబ్బంది ఉండదు?" అని అడగండి. అందరిలోకీ చిన్న అంకె ఏదో అదే మన బడ్జెట్టు. ఆ అంకె ఎవరిదో అడిగినమనిషి నోరు దాటకూడదు.

మూడు, "రాలేను" అంటే ఆ మాటతో సరిపెట్టుకోండి. కారణం అడక్కండి, వాటా అసలే అడక్కండి. ఆమె వాటా మిగతావాళ్ళ మీద పడితే పడనివ్వండి, తలకి ఒక కాఫీ డబ్బులు.

నాలుగు, ఒక్క వేడుక చాలు. షవరు, బ్యాచిలరెట్, మెహందీ, హల్దీ, సంగీత్ అన్నిట్లో మీకు ఏది ఇష్టమో అది ఎంచుకోండి, వాళ్ళకున్న బట్టలతో రమ్మనండి. పసుపు రాస్తే ఏ బట్టైనా పసుప్పచ్చనే అవుతుంది.

ఇవేవీ గొప్ప సంస్కరణలు కావు, నేను వీరేశలింగం పంతులుగారినీ కాదు. 31 డాలర్ల పెళ్ళికూతుర్ని, అంతే.

శుక్రవారం రాత్రి పెట్టె తీసుకుని ఇంటికొచ్చాక గ్రూపులో రాశాను. "నేను ట్రెజరర్‌గా ఉండను. మయామీకి రాను. డబ్బు ఉంది, రాను. కర్నూలు ఎప్పుడు ఖాళీగా ఉంటే అప్పుడు మా ఇంటికి రండి, సున్నిపిండి నేను పడతాను." రెండు రోజులు ఆ గ్రూపులో ఎవరూ పలకలేదు. తరవాత తెలిసింది, నేను లేకుండా ఇంకో గ్రూపు పెట్టారట. ట్రెజరర్ కూడా దొరికిందట.

ఆదివారం కర్నూలు ఫోను చేసింది. మొదట తిట్టింది, నా పెళ్ళికే దొరికిందా మే నీకు ఈ నీతులు అని. నేను 2023 సంగతి మొత్తం చెప్పాను. నాష్‌విల్ వరండాలో అది కూడా ఉంది కదా, వరంగల్ ఉద్యోగం పోయి వెళ్ళిందని తరవాత విన్నది గానీ, మేం బాకీ అడిగినప్పటికే పోయిందని దానికి తెలీదు. చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. "దాని నంబరు ఇయ్యి" అని పెట్టేసింది. మయామీ ఉందో లేదో నాకింకా తెలీదు.

మీ ఫోనులో కూడా ఇలాంటి గ్రూపు ఒకటి ఉండే ఉంటుంది. అందులో అందరూ డబ్బు పంపేసి ఇంకా ఒక్కరే బాకీ ఉంటే, రిమైండరు పెట్టకండి. ఫోను చెయ్యండి. డబ్బు సంగతి ఎత్తకుండా, ఎలా ఉన్నావే అని అడగండి.